తలకిందులు చేసిన సీసా

బాపుకు హిమజ దండాలు.

యాప్రాల్‌లో నాకు ఏ లోటూ లేదు. కాజీపేటలో నువ్వు, విజయేందరన్న, వదిన కులాసా అనుకుంటాను. నీ ఉత్తరం అందింది. ఎడమచేత్తో రెండు పేజీలు రాశావు. అక్షరాలు వంకరపోయాయని చిన్నబోకు, నా ల్యాబ్ పుస్తకం ఇంతకన్నా అధ్వానం.

మన గడియారాల దుకాణం ఎలా ఉందని అడిగావు. మొన్న మోండా మార్కెట్ వైపు వెళ్లి చూశాను. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నువ్వు కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునే చోట కాసేపు నిలబడ్డాను. బడి నుంచి వచ్చి నీ పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. "ఊపిరి సుత మెల్లగ తీస్కో బిడ్డా, స్క్రూ ఎగిరిపోతది" అనేవాడివి. షాపు అద్దం పగిలి నీ కుడి మణికట్టు నరం తెగకపోతే ఇంకా అక్కడే ఉండేవాడివి. ఆ రోజులంటే నాకు బెంగ బాపూ.

ఇక మా ల్యాబ్‌లో తయారుచేస్తున్న జెల్ సంగతి. పెప్టైడ్లంటే ప్రొటీన్ల చిన్న ముక్కలు. నీళ్లలో వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని పోగులవుతాయి, నీళ్లన్నీ ఆ పోగుల మధ్య ఆగి జున్నులా పేరుకుంటాయి. అందులో కంటికి ఆనని కార్బన్ నలుసులు కలిపితే జెల్ గట్టిపడుతుంది, కొద్దిగా కరెంటూ పారుతుంది. తెగిన నరం దాని ఆసరాతో పెరుగుతుందని మా ఆశ.

కిందటేడు నువ్వు ల్యాబ్‌కు వచ్చినప్పుడు సీసా నీ చేతికిచ్చి తలకిందులు చేయమన్నాను. జెల్ జారలేదు. "నిలబడ్డది బిడ్డా, ఇగ నా చెయ్యి బాగైతది" అన్నావు. జెల్ పేరుకుందో లేదో చూడటానికి మేం రోజూ చేసే పరీక్ష అది, అంతే. నీ ముఖం చూశాక ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఫోన్‌లో అయితే నీ గొంతు విని మళ్లీ దాటేస్తానని రాస్తున్నాను. ఆ జెల్ మీద నరాల కణాలు ఇప్పటిదాకా గాజు పళ్లెంలోనే పెరిగాయి. ఎలుకల మీద కూడా ఇంకా చూడలేదు. ఆ కార్బన్ ఒంట్లో ఏళ్లతరబడి ఉంటే ఏమవుతుందో మాకే తెలియదు. మనిషి దాకా రావడానికి పదేళ్లు పట్టొచ్చు, రాకపోనూ వచ్చు.

ఉంగరపు వేలి నుంచి కండరతాడు తెచ్చి, కదలని నీ బొటనవేలికి కలుపుతామని డాక్టర్ పిలిస్తే, "మా బిడ్డ మందు తయారైతాంది, జెర ఆగుత" అని రెండుసార్లు తిరిగొచ్చావని వదిన నిన్న చెప్పింది. ఇంకా ఆగితే వేలు బిగుసుకుపోతుందట. తప్పు నాది. నువ్వు నమ్ముతుంటే గర్వంగా ఉండి ఊరుకున్నాను.

సోమవారం పొద్దున బండికి వస్తున్నాను. కోపమొస్తే తిట్టు, పడతాను. ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకో. ఆ చేత్తో మళ్లీ గడియారం విప్పలేవేమో. నీ అన్నం నువ్వు కలుపుకుని తింటే నాకు చాలు.

ఇట్లు,
నీ బిడ్డ
హిమజ