గంజి పెట్టిన శాలువా

శనివారం రాత్రి, నంద్యాల

నాలుగు నెలలు కూర్చుని ఊలుతో అల్లిన లేసు శాలువా. రేపు ఆళ్లగడ్డ చర్చిలో అక్క పాపకు బాప్తిస్మం, దానికి కప్పాలి. అల్లిక విచ్చుకోవాలని పొద్దున తడిపి, పరుపు మీద సాగదీసి, చుట్టూ గుండుసూదులు గుచ్చి స్కూలుకు వెళ్లాను. వచ్చేసరికి గంజితో అట్టలా బిగుసుకుపోయి దండెం మీద వేలాడుతోంది.

"తడిబట్టకు సూదులుంటే తుప్పు పట్టదా? తీసేసి గంజి పెట్టినా," అంది అమ్మ.

"ఊలుకు గంజేందిమా!" అని అరిచాను.

అమ్మ సూదుల డబ్బా నా చేతిలో పెట్టింది. కళ్లద్దాలు లేకుండానే అన్నీ తీసింది, ఒక్క పోగు కూడా తెగలేదు. గంజి వదలాలని నేను విసురుగా పిండినప్పుడే పుటుక్కుమంది.

అమ్మకింకా చెప్పలేదు.