వేయని ఈలకు పడిన అడవి

న్యూయార్క్, మంగళవారం

మీరు ఈల వేశారు, నా ఉద్యోగం ఊడింది.

కొరిన్ హాల్డేన్ గారూ, నాటకశాలలో ఎవరూ ఈల వేయకూడదని అక్కడ ఊడ్చేవాడికి కూడా తెలుసు. అటక మీద తాళ్లు పట్టుకునే మాకు ఈలే సైగ. వినబడితే పరదా దించేస్తాం. నిన్న రాణి వేషంలో మీరు ఈల వేశారు, నేను అడవి బొమ్మ పరదా దించాను. అది చచ్చిపోతున్న రాజు మీద పడింది. మేనేజరు నన్ను గెంటేశాడు. ఈల మీదేనని ఆయనకు చెప్పండి.

ఎమెట్ డూలీ

తా.క. చచ్చిన రాజు "ఎవడ్రా ఆ వెధవ!" అని లేచాడు. ఆయనకు చప్పట్లు పడటం అదే మొదటిసారి.

బుధవారం

నాయనా ఎమెట్,

నేను ఈల వేయడమా! మూగ సినిమాల్లో మహారాణిలా వెలిగినదాన్ని. నన్ను చూసి జనం ఈల వేయాలి గాని నేను వేయను. నీ చెవులు ఎవరికైనా చూపించుకో.

కొరిన్ హాల్డేన్

తా.క. మేనేజరు దగ్గర నోరు జారకు. శనివారం మాటల సినిమావాళ్లు నా గొంతు వినడానికి వస్తున్నారు.

గురువారం

నా చెవులకు రోగమన్నారు. సరే, రాత్రి బాల్కనీలోకి దూరి విన్నాను. "సైనికులారా" అన్నారు, ఒక ఈల. "సింహాసనం" అన్నారు, రెండు. నా బదులు వచ్చినవాడు కంగారుపడి సముద్రాన్నీ, జైలునీ దించేశాడు. వాడినీ గెంటేశారు. ఇప్పుడు ఇద్దరం కలిసి మిమ్మల్ని తిడుతున్నాం. ఆ ముందు పన్ను కొత్తది కదూ? మేనేజరుకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?

ఎమెట్

తా.క. సముద్రంలోంచి మీరు బయటికొచ్చిన తీరు బాగుంది.

శుక్రవారం

బాబూ ఎమెట్,

నీ కాళ్లు పట్టుకుంటాను, అరవకు. మిఠాయి కొరికితే పన్ను ఊడింది. కొత్తదాని సందులోంచి గాలి పోతోంది. గొంతు బాగోలేదని మాతోటి తారల్ని ఎంతమందిని ఇంటికి పంపారో నీకు తెలీదు. రేపొక్కరోజు ఓర్చుకో. 'స' తగలకుండా నెట్టుకొస్తాను.

నీ కొరిన్

తా.క. నాటకంలో నా మొగుడి పేరు సెబాస్టియన్. "ఏమండీ" అని పిలుస్తాను.

ఆదివారం

మీరు నా కొంపే కాదు, మీ కొంప కూడా ముంచుకున్నారు. రాత్రి ఒక్క ఈలా లేదు. సినిమావాళ్లు ఆవలించారు. మెట్ల మీద వాళ్ల మాటలు విన్నాను. "ఈల వేసి అడవులు కూల్చే రాణి ఉందంటే వచ్చాం. ఆవిడైతే హాస్యచిత్రానికి ఇప్పుడే ఒప్పందం రాయించుకునేవాళ్లం. ఈవిడ వేరే ఎవరో!"

ఆవిడే ఈవిడని చెప్పాను. "పోవోయ్, తాళ్లు లాగేవాడా" అన్నారు. అయినా వదల్లేదు. రైలెక్కేముందు రేపటి ఆట చూడ్డానికి ఒప్పించాను.

రేపు పొద్దున తొమ్మిదికి పన్ను సరిచేయించుకోబోతున్నారని మీ పనమ్మాయి చెప్పింది. ఆ పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చుంటే మీకు సినిమా లేదు, నాకు అటక లేదు. ముందు మేనేజరు దగ్గరికి నడవండి. ఈల నాదేనని మీ నోటితోనే చెప్పి నన్ను పైకెక్కించండి. ఆటలో 'స' దాచకుండా పలకండి, అడవి ఎవరి నెత్తిన దించాలో నాకు బాగా తెలుసు.

మీ వీధి గుమ్మంలోనే కూర్చున్నాను. తొమ్మిది కొట్టకముందే జవాబు కావాలి.

ఎమెట్ డూలీ