కర్టెన్ రాడ్లు కావు

ఏమండీ,

ప్యాకర్స్ వాళ్లు మధ్యాహ్నం వస్తారు. చేపల పులుసు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. నేను తుపాకీ డిపాజిట్ చేయడానికి పంజాగుట్ట స్టేషన్‌కి వెళ్తున్నాను. మీకు ట్రాన్స్‌ఫరైన రాష్ట్రంలో పంట మీద పడే అడవిపందిని కూడా కాల్చనివ్వరట. నా లైసెన్సూ అక్కడ చెల్లదట. సరే, రూల్ రూలే. నేనేం ఏడవడం లేదు.

పొద్దున యాదయ్య ఫోన్ చేశాడు. మొన్న పంచాయతీ వాళ్లు పిలిస్తే నేను వెళ్లి అడవిపందుల నుంచి కాపాడిన మక్కచేను ఆయనదే. "నువ్వు పోతే మా చేను ఆగమైతది అక్కా, నీ లెక్క గురి పెట్టేటోళ్లు ఇంకెవలున్నరు?" అన్నాడు. మా నాన్న పోయాక నా గురిని మెచ్చుకున్నది ఆయనొక్కడే. మీరేమో మన లిఫ్టులో ఎవరైనా నా భుజాన ఆ పొడుగు సంచి ఏంటని అడిగితే, కర్టెన్ రాడ్లని చెప్పేవారు.

తలుపు వేసుకోండి.

ఇవాంజెలిన్

మర్చిపోయాను. స్టేషన్‌లో తుపాకీ ఒక్కటే ఉంచుకుంటారు, ఖాళీ సంచి వెనక్కి తెస్తాను. దాన్ని ట్రక్కులో వేయొద్దు. కొత్తింటికి మీరే భుజాన వేసుకుని రండి. అక్కడి లిఫ్టులో ఎవరైనా అడిగితే, మా ఆవిడ తుపాకీ సంచి అని చెప్పండి. గొంతు తగ్గించకుండా.