కెవిన్ పేరిట ఒక బెడ్

ఫిబ్రవరి 3

ప్రియమైన పద్మ ఆంటీకి,

మీ వాట్సాప్, అంకుల్ ఐప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుందన్నారు కాబట్టి కాగితం మీదే రాస్తున్నాను. నాకిది ఇష్టంగానే ఉంది. కాగితం మీద మాట కుదురుగా కూర్చుంటుంది.

కౌంటీ ఆఫీస్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. మీ బేస్‌మెంట్‌లో అద్దెకుండి, మీ పప్పుచారు తిని చదివిన చదువు వృథా పోలేదు. మత్తుకు బానిసలను చేసే నొప్పిమాత్రలు అమ్మి ఊళ్ళను పాడుచేసిన మందుల కంపెనీలు కోర్టు సెటిల్‌మెంట్‌లో డబ్బు కట్టాయి కదా. అందులో మన కౌంటీ వాటా దేనికి ఖర్చయిందో ఏటా స్టేట్‌కు రిపోర్ట్ ఇవ్వాలి. ఆ రాత నాది. మా బాస్ లిండా మొదటి పేజీ చదివి, "ఈ బిల్డింగ్‌లో ఇంత చక్కని వాక్యం ఎవరూ రాయలేదు" అంది. రోజంతా అదే తలుచుకున్నాను. ఐటీ చూసే ఇద్దరూ మన తెలుగువాళ్ళే, లంచ్‌లో పులిహోర పంచుకుంటాం.

అసలు సంగతి. ఆ డబ్బుతో మత్తు మాన్పించే చికిత్సా కేంద్రంలో ఎనిమిది బెడ్లు తీసుకున్నారు. వెయిటింగ్ లిస్ట్‌లో పేర్లు ఎక్కించేది నేనే. మీ కౌస్తుభ్ పేరు రాయనా?

మీ చేతి అన్నం తిన్న
సంహిత

ఫిబ్రవరి 9

చిరంజీవి సంహితకు,

రాయి తల్లీ. మోకాలి ఆపరేషన్‌కి ఇచ్చిన మాత్రలతో మొదలై రెండేళ్ళయింది. ఇప్పుడు ఏం కొంటున్నాడో అడగడం మానేశాను. వాడి గది బయట కూర్చుని ఊపిరి వినిపిస్తోందా అని చూసుకుంటాను.

కానీ వాడి పేరు వద్దు. మీ ఐటీ వాళ్ళ కంట పడితే సాయంత్రానికి కమ్మింగ్‌లో మనవాళ్ళ గుడిలో తెలుస్తుంది. అక్కడినుంచి ఇంత దూరం ఇల్లు మారింది ఎందుకనుకున్నావు? వాడు బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ జాబ్‌లో ఉన్నాడని అందరికీ చెప్పాం. మొన్న మీ అంకుల్ వాడికి ప్రమోషన్ కూడా ఇప్పించారు.

బడిలో టీచర్లకు కౌస్తుభ్ అని నోరు తిరగక కెవిన్ అనేవారు. అదే రాయి. కెవిన్ మిల్లర్. అడ్రస్ మాది, ఫోన్ నీది పెట్టు.

ఆశీస్సులతో
పద్మాంటీ

ఏప్రిల్ 18

ప్రియమైన ఆంటీ,

మన కెవిన్ పదకొండో నంబర్ నుంచి మూడుకి వచ్చాడు. పైనున్నవాళ్ళు కొందరు ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకో నేను కనుక్కోలేదు.

చిన్న ఇబ్బంది. ఎనిమిది బెడ్లను రెండుకి తగ్గించి, మిగిలినదాంతో షెరీఫ్‌కు నాలుగు కొత్త కార్లు కొన్నారు. చికిత్సకిచ్చిన డబ్బుతో కార్లేమిటని స్టేట్ వాళ్ళు అడుగుతారని లిండాకి దిగులు. మూడు రోజులు కూర్చుని ఒక వాక్యం చెక్కాను. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "కోలుకోవాలనుకునే వారి గుమ్మం దగ్గరికే వచ్చే వాహనం." స్టేట్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. షెరీఫ్‌కి ఎంత నచ్చిందంటే ఆ మాటలే కారు తలుపుల మీద వేయించాడు. నా వాక్యం రోడ్ల మీద తిరుగుతోంది ఆంటీ. ఉద్యోగం ఇచ్చి హెచ్-1బీ స్పాన్సర్ చేస్తామంటున్నారు.

ఇంకొన్ని రోజులు ఓపిక పట్టమనండి.

మీ సంహిత

మే 6

సంహితా,

నీ ఫోన్ ఎత్తడం లేదు. ఈ కవరు మీ ఆఫీస్ పెట్టెలో వేసి వెళ్తున్నాను.

నిన్న పొద్దున వాడు ఇంటిముందు మెట్ల మీద వణుకుతూ కూర్చున్నాడు. ఎదురింటావిడ భయపడి పోలీసులకు ఫోన్ చేస్తే షెరీఫ్ కొత్త కారొకటి వచ్చింది. నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను కదా. తలుపు మీది మాటలు చూసి, "అమ్మా, సంహిత పంపింది" అన్నాడు. రెండేళ్ళలో వాడు నవ్వడం అప్పుడే చూశాను. బూట్లు కూడా వేసుకోకుండా వెళ్ళి తనే వెనక సీట్లో కూర్చున్నాడు. జేబులో ఉన్నవన్నీ తీసి వాళ్ళ చేతిలో పెట్టి, "ఇంక ఇవి నాకక్కర్లేదు" అన్నాడు.

అవి దగ్గరున్నాయని జైలుకు తీసుకెళ్ళారు. లిస్ట్‌లో పేరుంటే, మత్తు ఆగినప్పుడు వచ్చే బాధకు మందు ఇచ్చి కేంద్రానికి పంపుతారట. లేకపోతే ఏమీ ఇవ్వరట. కెవిన్ అంటే వీడేనని చెప్పాను. పేరు ఎక్కించినవాళ్ళు వచ్చి చెప్తేనే ఒప్పుకుంటారట. పరువు సంగతి తర్వాత చూసుకుందాం. ముందు వెళ్ళి చెప్పు తల్లీ.

పద్మ

మే 7

ప్రియమైన ఆంటీ,

మీ కవరు అందింది. దొంగ పేరు ఎక్కించానని నా నోటితో చెప్తే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు వీసా పోతుంది. రేపు, ఎల్లుండి స్టేట్ వాళ్ళు ఆఫీస్‌లో ఉంటారు. వాళ్ళు వెళ్ళాక సోమవారం చెప్తాను. మధ్యలో నాలుగు రోజులే. చిన్న వయసు, ఓర్చుకుంటాడు.

మీకు ఊరటగా ఉంటుందని ఇంకొకటి చెప్తున్నాను. కార్లవల్ల మేలు జరిగిందనడానికి ఒక మనిషి కథ కావాలని లిండా అడిగింది. పేరు లేకుండా కౌస్తుభ్ గురించి రాశాను. చదివి కళ్ళు తుడుచుకుంది.

సోమవారం మాట తప్పని
మీ సంహిత

జూన్ 20

చిరంజీవి సంహితకు,

నీ సోమవారం రాకముందే, శనివారం మధ్యాహ్నం వాడు పోయాడు. వాంతులు ఆగలేదట. గుక్కెడు నీళ్ళు కూడా లోపల నిలవలేదట. తర్వాత నువ్వు చెప్పాల్సిన పనీ లేకపోయింది.

బెంటన్‌విల్‌లో కారు యాక్సిడెంట్ అని అందరికీ చెప్పాం. కమ్మింగ్ నుంచి నలభై మంది వచ్చారు. ప్రమోషన్ వచ్చిన ఏడాదే పోయాడని ఏడ్చారు.

నీ రిపోర్ట్ ఇంటింటికీ పంపారు. పద్నాలుగో పేజీలో ఉన్నాడు, "బూట్ల కోసం కూడా ఆగకుండా కొత్త జీవితం వైపు నడిచిన యువకుడు." బాగా రాశావు. మీ అంకుల్ చదివి ఎవరని అడిగారు. ఎవరో కెవిన్ అట అన్నాను.

ఇవాళ చికిత్సా కేంద్రం నుంచి కవరు వచ్చింది. కెవిన్ మిల్లర్‌కు బెడ్ ఖాళీ అయిందట, జూలై ఒకటిన రమ్మన్నారు. లోపల ఒక కాగితం ఉంది, రాలేకపోతే దాని మీద కారణం రాసి పంపాలట. ఎక్కించినది నువ్వు కాబట్టి నీకే పంపుతున్నాను.

ఒక్క వాక్యానికే చోటు వదిలారు. అది నీకు చేతనవును.

పద్మ