సగం గుండు

తిరుత్తణి,
సోమవారం.

ఎంత ఏడిపించినా నన్ను వదిలిపెట్టని మా అలిమేలక్కకు,

నీ తమ్ముడు నాగలింగం రాసేది. వీడు ఉత్తరం రాయడమేంటని గుండె పట్టుకోవద్దు. ఫోన్ చేస్తే నా పెళ్లాం కుప్పమ్మ చెవి పక్కనే ఉంటుంది. తెలుగులో రాస్తే ఆమెకూ పిల్లలకూ చదవడం రాదు, అరవమే వాళ్ల చదువు. రాసేది ఎడమ చేత్తో. కోడి గెలికినట్టుంటే తిట్టుకో.

శుక్రవారం నీ మనవరాలు ధరణికి పుట్టువెంట్రుకలు తీయించడానికి నా అంగడికి వస్తామన్నావు. రాక్కా, కానీ ఆ తల నా చేతికి ఇవ్వద్దు.

పోయిన ఏడాది ఒక తెల్లవారుజామున నా కుడి మణికట్టు టమోటాలా ఉబ్బి ఎర్రబడింది. ఫ్యాన్ గాలి తగిలినా ప్రాణం పోయేది. అంగడిలో కేక పెడితే, కుర్చీలో గడ్డానికి కూర్చున్నాయన "ఏం నాగలింగం, కొత్త నాటకమా?" అని పగలబడి నవ్వాడు. బెణికిందేమోనని సుళుక్కు తీసే చౌడయ్య దగ్గరికి పోయాను. ఆయన నూనె రాసి ఒక్క లాగు లాగాడు. మురుగన్ కొండ దిగొచ్చి నా కళ్లముందు నిలబడ్డాడు.

ఆఖరికి తిరువళ్ళూరులో డాక్టరు సూదితో కీలులోంచి నీరు తీసి, రక్తం చూసి, "ఇది గౌట్. ఒంట్లో ఉప్పు ఎక్కువై మణికట్టులో పేరుకుంది" అన్నాడు. అంతే, ఉప్పు మానేశాను. ఊరగాయ, అప్పడం అన్నీ బంద్. కుప్పమ్మ కూడా నాతోపాటు చప్పిడి కూడే తింటోంది. అది నాకు గొంతు దిగక సాయంత్రం బస్టాండు బండి దగ్గర మేక కార్జం వేయించుకుంటాను, ఉప్పెయ్యొద్దని చెప్పి మరీ. నొప్పి తగ్గాక డాక్టరిచ్చిన మాత్రలూ ఆపేశాను. అయినా మళ్లీ మళ్లీ వస్తోంది.

కుప్పమ్మకు నొప్పి సంగతి తెలుసు, కోత సంగతి తెలియదు. మొన్న ఒకాయనకు గడ్డం గీస్తుంటే మణికట్టు చటుక్కున పట్టేసి కత్తి జారింది. చెవి కింద తెగింది. ఆయన పెద్దమనిషి, దూది అద్దుకుని డబ్బులిచ్చి మరీ పోయాడు. ధరణి మాడు మీద చెయ్యి పెట్టి చూడక్కా, లోపల కొట్టుకోవడం తెలుస్తుంది. ఎదురంగడి వెంకటపతి చేత చేయించు. కారణం మాత్రం ఎవరికీ చెప్పొద్దు. కత్తి జారే మంగలి దగ్గర ఎవరు తల వంచుతారు?

నీ చేతి తన్నులు తిని పెరిగిన
నాగలింగం

ఆర్.కె.పేట,
బుధవారం.

ఒరే నాగా,

నా కూతురు జ్యోతిక పెండ్లి రోజు పెండ్లికొడుకును వంటింట్లో దాచిపెట్టి, పారిపోయినాడని అందరినీ ఏడిపించినోడివి నువ్వు. ఇప్పుడు చెయ్యి పోయిందంటే నేను నమ్మాల్నా? నా పుట్టువెంట్రుకలు మన నాయన తీసినాడు. నా బిడ్డలవి నువ్వు తీసినావు. మన ఇంట్లో ఆ పని బయటి చేతికి ఇచ్చింది లేదు. వెంకటపతి పేరు మళ్లీ ఎత్తినావంటే ఆ కత్తి నేనే పట్టి నీకు గుండు గీస్తా. శుక్రవారం మొదటి బస్సుకే వస్తాం.

మీ అక్క
అలిమేలమ్మ

తిరుత్తణి,
మళ్లీ సోమవారం.

సగం గుండు మనవరాలితో ఊరేగిన మా అక్కకు,

శుక్రవారం జరిగింది నువ్వూ చూశావు. నా చేతి లోపల జరిగింది మాత్రం చూడలేదు కదా, అది రాస్తాను.

ధరణి తన మేనమామ, నీ కొడుకు ముకేశ్ ఒడిలో కూర్చుంది. తల తడిపి కత్తి పెట్టాను. నీ ముఖం చూసి పెట్టాను, నా చెయ్యి చూసుకుని కాదు. కుడివైపంతా బాగానే వచ్చింది. నడిమాడు దగ్గరికి రాగానే మణికట్టులో గాజుపొడి నలిగినట్టయింది. వేళ్లు మాట వినలేదు. కత్తి తలమీదే ఉంది, తీయడానికి రాదు. పిల్ల తల తిప్పబోయింది. ఎడమ చేత్తో నా కుడి చేతినే పట్టుకుని వెనక్కి లాక్కున్నాను.

"యాడ నేర్చినావురా ఈ ఆటలు? పసిబిడ్డ తలమీదనా!" అని అరిచావు.

ముకేశ్ నవ్వాడు. నొప్పి సంగతి తెలిసిన కుప్పమ్మ కూడా ఇది ఆటే అనుకుని "చాల్లేయ్యా, కానీ" అంది. నేనూ నవ్వబోయాను, రాలేదు. అప్పుడు నువ్వు కొట్టడానికని నా చెయ్యి పట్టుకున్నావు.

"అయ్యో, కాల్తా ఉందే! ఒరే, నిజమేనంటరా?"

వెంకటపతి పరుగున వచ్చి మిగతాది గీస్తానంటే మాత్రం అడ్డం నిలబడ్డావు. "మొదలుపెట్టిన చెయ్యే ముగించాల. అంతదాకా ఇట్లే ఉండనీ" అని పిల్ల తలకు తువ్వాలు చుట్టి బస్సెక్కావు.

మరునాడు కుప్పమ్మ నన్ను డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"ఉప్పు పూర్తిగా మానేసినాను సార్, అయినా తగ్గలే" అన్నాను.

"ఏ ఉప్పు?"

"ఏ ఉప్పేంది సార్, కూట్లో వేసేదే."

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. "నేను చెప్పింది యూరిక్ యాసిడ్ అయ్యా. ఇక్కడ అందరూ దాన్ని ఉప్పనే అంటారని నేనూ అట్లే అన్నా. సరే, ఉప్పు మాని ఏం తిన్నావు?"

"కార్జం సార్. ఆదివారమైతే బీరు."

"ఆ రెండింటితోనే అది పెరిగేది!"

"ఏడాదిగా చప్పిడి తిని నా నాలుక చచ్చింది. ఈయన కార్జం మేసినాడా!" అని కుప్పమ్మ అరిచిన అరుపుకు బయట వరసలో ఉన్నవాళ్లంతా తొంగిచూశారు.

నొప్పికి వేసే మాత్ర వేరట, రోజూ వేసే మాత్ర వేరట. రోజూ వేసేది నొప్పి లేకపోయినా ఆపకూడదు. మొదటి నెలల్లో మళ్లీ పట్టేస్తే ఆ మాత్ర వల్లేనని మానకూడదు. నీళ్లు బాగా తాగాలి. ఇట్లాగే వదిలేస్తే కీలు పాడై, కత్తి కాదు గదా, గ్లాసు కూడా పట్టలేవన్నాడు.

వాపు దిగుతోంది. పొద్దున కత్తి పట్టి చూశాను, చెయ్యి నిలబడింది. అందుకే ఇప్పుడు చెప్పడం కష్టంగా ఉంది. ధరణి తలమీద నేను కత్తి పెట్టనక్కా. రక్తంలో ఆ యాసిడ్ దిగేదాకా ఎప్పుడు పట్టేస్తుందో చెప్పలేమని డాక్టరే అన్నాడు. నువ్వు గడప తొక్కొద్దన్నా సరే, పెట్టను.

ఆదివారం పిల్లను తీసుకుని రా. కత్తి వెంకటపతి పడతాడు. ఆ తలను కదలకుండా నా రెండు చేతుల్లో నేను పట్టుకుంటాను. మన ఇంటి చెయ్యి ఉండాలన్నావు, ఉంటుంది. గీయడానికి చాలని చెయ్యి పట్టుకోవడానికి చాలుతుంది.

కాదంటావా, పెద్దయ్యాక ఆ సగం జుట్టుకే పూలు పెట్టి బడికి పంపుకో.

ఈసారి నాటకం ఆడనే ఆడని నీ తమ్ముడు
నాగలింగం