గుండుసూది గొంతు

ప్రియమైన బావమరిదికి,

గుండుసూదిని చంపనని నాకు మాటిచ్చావు. స్టూడియో మెట్ల మీద, చేతికంటిన ఇంకు ప్యాంటుకు తుడుచుకుంటూ ఇచ్చావు. ఇచ్చి, మన సీరియల్ ఆఖరి భాగంలో ఆ బుల్లి మరమనిషిని అంతరిక్ష ఓడ తలుపు తీసి చీకట్లోకి వదిలేశావు. అది నేను రాయలేదు. తెర మీద చూసేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ తర్వాత మనిద్దరం మాట్లాడుకున్నది మీ అక్క పోయిన రోజునే. అదీ అంబులెన్సుకు దారి చెప్పడం గురించి.

ఇప్పుడు నీ కూతురు దాన్ని బతికించి, దాని పేరుతోనే ఇంకో యానిమేషన్ సీరియల్ తీసింది. రెండో విడత తీయాలంటే మూలకథ రాసినవాడిగా నా ఒప్పుదల కావాలట. చూసి చెప్పమన్నావు. మొత్తం చూశాను.

మంచి ముందు చెబుతాను, ముసలాడికి కళ్లు కుట్టాయని మీరనుకోకుండా. మన ఓడంతా ఒకే నీలం. మన దగ్గర మిగిలిన రంగు అదే మరి. నీ కూతురి ఓడలో తుప్పు ఉంది, ఎవరో ఆరేసిన తువ్వాలు ఉంది. మనుషులు కాపురం చేసిన చోటులా ఉంది. కెప్టెన్‌ని పక్కకు నెట్టి, మరమ్మతులు చేసే యంత్రం చుట్టూ కథ నడపడం మంచి ఆలోచన. నాకు రాలేదు. ఒకచోట గుండుసూది పాడైపోయిన తోటి యంత్రాన్ని బాగుచేయలేక, దాని మీద దుమ్ము తుడిచి వెళ్లిపోతుంది. అక్కడ నేను కాసేపు టీవీ ఆపాను.

ఇక తెగుళ్లు. మధ్య భాగాలు నీళ్లు కలిపిన పాలు. విలన్ ఎందుకు విలనో వాడికే తెలియదు. గ్రహం మీద గాలే లేదని ఒక భాగంలో చెప్పి, తర్వాతి భాగంలో జెండా రెపరెపలాడించారు. చదువుకున్న పిల్లలే కదా, ఒక్క పుస్తకం తిరగేయలేదా? పాత సీరియల్ చూడనివాడికి సగం సంగతులు అర్థం కావు. చూసినవాడికి ఆ సగం అక్కర్లేదు.

ఇవన్నీ క్షమిస్తాను. గుండుసూదికి గొంతు లేకుండా చేయడం మాత్రం క్షమించను. ఆ గొంతు మీ అక్కది. వీధిలో పిల్లలంతా ఆ గొంతుతో మాట్లాడుకునేవాళ్లు. నీ కూతురు దాన్ని మూగదాన్ని చేసి, నెత్తి మీద దీపం పెట్టి మిణుకుమిణుకుమనిపించింది. నువ్వూ అంతే. ఆఖరి భాగాల్లో నా సంభాషణలు కత్తిరించి దాన్ని ఉత్తినే నిలబెట్టావు. ఆ రోగమే కూతురికీ అంటింది. ఒప్పుదల ఇవ్వను.

నీ కూతురికి ఆశీస్సులు, నీకు లేవు,
బావ

*

ప్రియమైన బావకి,

జెండా మాట నిజం. "మావయ్య పట్టేస్తాడని అప్పుడే అనుకున్నా నాన్నా, నువ్వే పర్లేదన్నావు" అని అమ్మాయి నన్ను తిట్టింది.

మీ సంభాషణలు నేను కత్తిరించలేదు. అక్క పలకలేకపోయింది. మీరు ఇంట్లో కూర్చుని రాసేవారు, రికార్డింగుకు వచ్చేవారు కాదు. గొంతులో గడ్డ సంగతి మీకు చెప్పడానికి చాలా నెలల ముందే తనకు తెలుసు. ఒక్కో వాక్యానికి ఇన్ని నీళ్లు తాగి, కళ్లు మూసుకుని పలికేది. "ఆయన ఇది పూర్తి చేసేదాకా చెప్పకురా, తెలిస్తే కలం కింద పెట్టేస్తారు" అంది. చివరికి అదీ చేతకాక, "ఇంకొకళ్ల గొంతుతో దీన్ని మాట్లాడించొద్దు, పంపించెయ్" అంది. మీకు మాటిచ్చానని చెప్పాను. "తిట్లు నువ్వు పడు, నీకు అలవాటేగా" అంది. పడ్డాను.

అమ్మాయికి ఇది తెలుసు. అందుకే ఎవరి గొంతూ పెట్టలేదు. కానీ ఆ దీపం ఉత్తినే మిణుకుమనడం లేదు బావా. అక్క పాత రికార్డింగులు పక్కన పెట్టుకుని, గొంతు హెచ్చిన చోట వెలుగు హెచ్చించి, ఆగిన చోట ఆపి, ఒక్కో బొమ్మా గీసింది. నాలుగో భాగం మొదలు మళ్లీ చూడండి. ఒప్పుదల ఇవ్వకపోయినా పర్లేదు, చూడండి.

మీ తిట్లకు అలవాటుపడిన,
బొమ్మలవాడు

*

ప్రియమైన బావమరిదికి,

చూశాను. టీవీ శబ్దం పూర్తిగా తీసేసి చూశాను. ఆ సంగీతమూ ఒక తెగులే, మొన్న రాయడం మరిచాను.

దీపం చాలాసేపు వెలిగింది, ఆగింది, మళ్లీ చిన్నగా వెలిగింది. "కెప్టెన్ గారూ... వింటున్నారా?" నేను రాసిన వాక్యమే. మధ్యలో ఆ ఆగడం మాత్రం నాది కాదు. వంటింట్లోంచి నన్ను పిలిచేటప్పుడూ అలాగే ఆగేది, పుస్తకంలోంచి తలెత్తుతానేమోనని.

ఒప్పుదల ఇస్తున్నాను. జెండా తీసేయమను. విలన్‌కు ఒక కారణం నేను రాసి పంపుతాను. గొంతు మాత్రం ఎవరిదీ పెట్టొద్దు.

ఇన్నేళ్లు నీ మీద మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియడం లేదు. నీ మీద ఇక నిలవదు. డాక్టరు మీద పెట్టి చూశాను, అంటుకోలేదు. కలం కింద పెట్టేస్తానని భయపడిందట. పెట్టేసేవాణ్ణే. పెట్టేసి పక్కన కూర్చునేవాణ్ణి. నీళ్ల గ్లాసు నేను అందించేవాణ్ణి. అది నీకు దక్కింది, నాకు దక్కలేదు.

ఒకసారి ఇంటికి రా, అమ్మాయిని తీసుకుని. మావయ్యకు ఇంకా ఎవరి మీద కోపమని దారిలో అడుగుతుంది. దాచకుండా చెప్పు.

వాళ్ల మేనత్త మీద.

బావ