మూడు వందల శాతం బావగారు

చిరంజీవి బావమరిదికి,

మీ దర్జీ బావ ఆశీస్సులు. ఇక్కడ మీ అక్క, నేను, పార్టీ ప్రాంతీయ శాఖ క్షేమం. శాఖంటే తెలుసుగా, కొట్టు మీద గది, మూడు కుర్చీలు, నేను.

నువ్వు పనిచేసే కేంద్ర కార్యాలయం నుంచి ఫారం వచ్చింది. ఓట్లు పెరగని శాఖలన్నీ మూసేస్తారట. ఆరు ఎన్నికల్లో నిలబడ్డాను, ఆరుసార్లూ డిపాజిట్ గల్లంతు. అయినా కిందటిసారి పదకొండు ఓట్లు, ఈసారి నలభై నాలుగు. ఇది పెరగడం కాదా? తీరా చూస్తే ఓట్ల సంఖ్య రాయడానికి ఫారంలో గడే లేదు! సంతకం పెట్టి నీకే పంపుతున్నాను, ఎలాగోలా గట్టెక్కించు. ఆ గది మూసేస్తే నాకు చొక్కాలు తప్ప ఇంకేం మిగలదు.

ఇట్లు,
మీ బావ

తా.క. మొన్న మీటింగుకి ఇరవైమంది వచ్చారు. కుట్టిన బట్టలు మీటింగులోనే ఇస్తానని కబురు పెట్టాను.


బావగారికి నమస్కారాలు.

ఆ గడి తీసేయించింది మా అధ్యక్షులవారే. పోయినేడు ఓట్ల సంఖ్యలు చూసి రెండు రోజులు మంచం దిగలేదు. అప్పటినుంచి ఎంత శాతం పెరిగాయో మాత్రమే రాయాలి. మీవి లెక్కకట్టి ‘మూడు వందల శాతం’ అని నింపేశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మీ గదికి ఢోకా లేదు.

మీ బావమరిది

తా.క. మీ తర్వాతి శాఖది ఆరు శాతం. మీ ఫారం చదివి అధ్యక్షులవారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవగా చూడటం నాకిదే మొదలు.


నా బంగారు బావమరిదికి,

నీ ఉత్తరం చదివి గదికి సున్నం వేయించాను. ఇంకో కబురు. ఇక్కడ గెలిచినాయన రాజీనామా చేశాడు, ఉపఎన్నిక వస్తోంది. ఏడోసారీ నేనే! పోస్టరు కోసం ఫొటో కూడా దిగాను. నవ్వమంటే ఎక్కువ నవ్వేశాను.

నీ మేలు మరువని
బావ

తా.క. నిన్న అధ్యక్షులవారు స్వయంగా ఫోన్ చేసి మా ఊళ్ళో ఎండలు ఎక్కువా అని అడిగారు. ఎందుకో కనుక్కో.


బావగారికి నమస్కారాలు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ దగ్గర అధ్యక్షులవారే పోటీ చేస్తారట. తొమ్మిది చోట్ల ఓడిపోయిన మనిషి, గ్యారంటీగా గెలిచే సీటు కోసం దేశమంతా గాలిస్తున్నారు. మూడు వందల శాతం కంటబడింది. మిమ్మల్ని ఏజెంటుగా ఉండమన్నారు. ఆ ఫొటో జాగ్రత్తగా దాచుకోండి.

సిగ్గుపడుతూ,
మీ బావమరిది

తా.క. నన్ను అభివృద్ధి విభాగానికి అధిపతిని చేశారు. ఈ గదిలో ఫ్యాను తిరుగుతుంది.


శ్రీయుత అభివృద్ధి విభాగాధిపతిగారికి,

ఏమయ్యా, నా నోటి దగ్గర కూడు లాగేస్తారా? ఇంటింటికీ తిరిగి చెప్పులు అరగదీసింది నేను. ఓడిపోవడానికైనా నేనే ఉండాలి. నిజం చెప్తున్నాను, రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. మొత్తం నలభై నాలుగు ఓట్లేనని ఆయన మొహం మీదే చెప్పు.

మాజీ అభ్యర్థి

తా.క. ఆయన కొలతలు వచ్చాయి. విజయోత్సవానికి కోటు నేనే కుట్టాలట!


బావగారికి,

చెప్పాను. ‘నలభై నాలుగేనండీ’ అన్నాను. ‘నలభై నాలుగు వేలా! ఇంకేం, గెలిచినట్టే’ అన్నారు. ‘వేలు కాదండీ’ అన్నాను. ‘లక్షలా?’ అన్నారు. ఫైలు పట్టుకుని బయటికొచ్చేశాను. తప్పంతా నాదే, క్షమించండి.

మీ బావమరిది

తా.క. కోటు భుజాలు కాస్త వదులుగా ఉంచండి. దండలు పడతాయట.


చిరంజీవి బావమరిదికి,

ఫలితం వచ్చింది. అధ్యక్షులవారికి ఒక్క ఓటు. అక్షరాలా ఒక్కటి.

మీటింగులకి అందరూ వచ్చారు, బట్టలు తీసుకున్నారు. ఎదురు చెప్పుల కొట్టాయన్ని నిలదీస్తే, ‘మా కొలతలు తెలిసినవాడివి నువ్వు. ఆయనెవరు?’ అన్నాడు. పార్టీకి పడ్డాయనుకున్న ఓట్లన్నీ నాకు పడ్డవే అన్నమాట. సంతోషం పట్టలేక కొట్లో కూర్చుని ఏడ్చాను.

అధ్యక్షులవారు ఆ కోటులోనే నా కత్తిరింపుల బల్ల మీద కూలబడ్డారు. కాసేపటికి ‘నిజంగా నలభై నాలుగేనా?’ అని అడిగి, సుద్దముక్క తీసుకుని ఎవరిదో ప్యాంటుగుడ్డ మీద లెక్క వేశారు. ‘ఒకటి నుంచి మళ్ళీ నలభై నాలుగంటే నాలుగు వేల మూడు వందల శాతం!’ అని ఎగిరి గంతేశారు. వచ్చేసారి నేనే నిలబడాలట, ఆజ్ఞ! ‘ఆ ఒక్క ఓటూ నీదేగా’ అని కావలించుకున్నారు కూడా.

నేనూ తిరిగి కావలించుకున్నాను. నీకు మాత్రం చెప్తున్నాను, నాది కాదు. ఓటెయ్యడానికి లోపలికెళ్ళాక ఆయన పేరు మీద చెయ్యి ఆడలేదు, ఎవరికీ వెయ్యకుండా వచ్చేశాను. ఆ ఒక్కటీ వేసిన మహానుభావుడెవరో కనబడితే బతికినంతకాలం బట్టలు ఊరికే కుట్టిపెడతాను.

ఇట్లు,
మళ్ళీ అభ్యర్థి అయిన మీ బావ

తా.క. తమ్ముడూ, నేను అక్కని. పోస్టులో వెయ్యమంటే విప్పి చదివాను. ఆ ఓటు నాది. ఆ పెద్దమనిషి గెలిస్తే మీ బావ ఇక పోటీ మానేసి ఇంటిపట్టున ఉంటారని ఆశపడ్డాను. ఇన్నేళ్ళలో మీ పార్టీకి నేను వేసిన మొదటి ఓటు అదే. ఆయనతో మాత్రం అనకు.